అమ్మ ఇచ్చిన నీలంరాయి

నీలంరాయి కొనేటప్పుడు ఏం చూసుకోవాలని మొన్న ఫోనులో అడిగావు చిన్నదానా. రేపు చెప్తానన్నాను. ఎంత ఆలోచించినా ఇది ఫోనులో చెప్పేది కాదనిపించి కాగితం మీద పెడుతున్నాను. నువ్వు చదివాక మీ అన్నకి పంపు. నాకు వంద రాళ్ళు తెలియవమ్మా. ఒక్క రాయి తెలుసు. దాన్ని మూడు రోజులు కూర్చుని చూసిన మనిషి తెలుసు. నేర్చుకున్నదంతా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నదే.

అప్పుడు మేం కొత్తగూడలో అద్దెకుండేవాళ్ళం. తొంభై ఏడో, తొంభై ఎనిమిదో. మీ తాతయ్య ఆఫీసు ఖైరతాబాదు వైపు. అంత దూరంలో ఇల్లెందుకు తీసుకున్నావని అందరూ ఆయన్ని కోప్పడ్డారు. పెరట్లో మంచినీళ్ళ బావి ఉందని తీసుకున్నారాయన. మేం దిగిన కొన్ని నెలలకే మాదాపూర్ వైపు గుండ్రటి పెద్ద మేడ లేవడం మొదలైంది. దాని చుట్టూ రోడ్లు, కాలవలు, తవ్వకాలు. రోజూ మధ్యాహ్నం విజిల్ ఊది, ఎర్రజెండా ఊపి బండలు పేల్చేవారు. మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ తరవాత గంటసేపు దుమ్ము. ఉతికిన బట్టలు పొద్దున్నే ఆరేసి పన్నెండు కాకముందే తీసేసుకోవడం అక్కడి ఆడవాళ్ళందరికీ అలవాటైపోయింది.

మా అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. నా దగ్గర ఆవిడ వస్తువు ఒక్కటే ఉండేది. ఒక నీలంరాయి. ఉంగరంలో లేదు, హారంలో లేదు, విడిరాయి. చింతగింజలో సగముంటుంది. తుఫానులో ఇల్లు పోయిన ఏడాది అమ్మ నగలన్నీ అమ్మేసింది. ఆ రాయి మాత్రం అమ్మలేదు. ఇది మా అమ్మ నాకిచ్చిన అసలైన నీలం, అన్నీ పోయినా దీన్ని నీకోసం ఉంచానే అని నా పెళ్ళినాటి నుంచీ చెప్తూనే ఉండేది. పోయే ముందు కుంకుమ భరిణెలో పెట్టి నా చేతిలో పెట్టింది.

పదోరోజున మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, నలుగురాడవాళ్ళ మధ్య మెల్లగా ఒక మాట అంది. "అది గాజురాయి అమ్మాయ్. అత్తయ్యగారికి మురిపెం. పోనీలే, దాచుకో." వదిన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మర్చిపోయేదాన్నేమో. తనకి తెలిసిన సంగతి చెప్పినట్టు అంది. అత్తగారింట్లో ముప్ఫై ఏళ్ళున్న మనిషి. ఆవిడకి తెలియకుండా ఉంటుందా అనిపించింది.

రాయి గాజుదైనంత మాత్రాన నాకు పోయేదేమీ లేదు. అమ్మ మాట పోతుంది. జీవితంలో ఇన్నిసార్లు చెప్పిన ఒక్క మాట అబద్ధమని తేలితే, మిగతావన్నీ కూడా తిరగేసి చూసుకోవాల్సి వస్తుందేమోనని భయం. అందుకని మూడేళ్ళు ఆ భరిణె ఎవరికీ చూపించలేదు.

అప్పుడొచ్చింది మీ తాతయ్యకి ఏల్నాటి శని. మా ఊరి సిద్ధాంతిగారు నీలం పెట్టుకోమని చెప్పి పంపించారు. కొత్తది కొనడమెందుకు, మీ అమ్మగారిచ్చింది ఉందిగా అన్నారు తాతయ్య. గాజుదేమోనని మొగుడితో అనలేను. అలాగేనన్నాను.

నీలం అందరికీ పడదంటారు. పెట్టుకునే ముందు నీలంరంగు గుడ్డలో చుట్టి మూడు రోజులు మోచేతి పైన దండకి కట్టుకుని చూడాలి. మంచి జరిగితే ఉంగరం చేయించుకోవాలి, చెడు జరిగితే తీసేయాలి. మా వైపు ఇది అందరికీ తెలిసిందే. నాకు అందులో ఇంకో దారి కనబడింది. గాజుకి ఏ శక్తీ ఉండదు. దానివల్ల మంచీ జరగదు, చెడూ జరగదు. కాబట్టి మూడు రోజుల్లో ఏదో ఒకటి జరిగిందంటే రాయి అసలుదన్నమాట. శనివారం పొద్దున తాతయ్య దండకి కట్టాను. శనివారం ఏమీ జరగలేదు. ఆదివారం కూడా ఏమీ జరగలేదు. పాలు కూడా పొంగిపోలేదు. సోమవారం పొద్దున ఆయన ఆఫీసుకి బయల్దేరుతుంటే గడపలో నిలబడి, అయ్యో ఇవాళ కూడా ఏమీ కాదేమోనని దిగులుపడ్డాను. భార్యలు అనుకోవలసిన మాట కాదది.

పావుగంటలో స్కూటరు తోసుకుంటూ తిరిగొచ్చారు. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. అరచెయ్యి గీరుకుపోయింది. కొత్తగూడ మలుపులో కేబుల్ కోసం తవ్విన గోతిలో పడ్డారట. నేను పరుగెత్తి నీళ్ళు తెచ్చాను, పసుపు తెచ్చాను.

"దెబ్బ గట్టిగా తగిలిందాండీ?" అన్నాను.

"తగిలింది. నీ మొహమేమిటి అలా వెలిగిపోతోంది?"

దాచుకోలేకపోయాను. మొత్తం చెప్పేశాను, వదిన అన్నమాటతో సహా. ఆయన మోకాలికి పసుపు రాయించుకుంటూ అంతా విన్నారు. కోప్పడలేదు. గుడ్డ విప్పి రాయి నా చేతిలో పెట్టి, కిందికి తీసుకెళ్ళి పెద్దాయనకి చూపించు, నా కాళ్ళు విరగ్గొట్టి నువ్వు పరీక్షలు చెయ్యక్కర్లేదు అన్నారు.

పెద్దాయనంటే ఇంటివాళ్ళ నాన్న. కొత్తగూడలోనే పుట్టి పెరిగిన అవుసలాయన, అంటే మన వైపు కంసాలి. కానీ బంగారం పని చేసింది తక్కువ. ముప్ఫై ఏళ్ళపైన చార్మినార్ దగ్గర ఒక రాళ్ళ వ్యాపారి కొట్లో కిటికీ దగ్గర కూర్చుని, వచ్చిన రాళ్ళని రకాలుగా వేరుచెయ్యడమే ఆయన పని. రోజూ సైకిలు మీద వెళ్ళొచ్చేవాడట. మోకాళ్ళు సహకరించక మానేశాడు. నేను అండీ, తాతగారూ అని పిలుస్తుంటే ఆయనకి నవ్వు. మీ ఆంధ్రోళ్ళు పిల్లికి గూడ అండీ అంటరా అని అడిగాడొకసారి.

భరిణె తీసుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడే బండలు పేల్చారు. ఆయన భరిణె మూత తీసి చూసి మళ్ళీ మూసేశాడు.

"ఏంది బిడ్డా, నీలాన్ని కుంకుమల వెట్టినవ్? ఎర్రటి దుమ్ముల నీలం ఏం కనవడ్తది? సబ్బునీళ్ళల్ల నానవెట్టి, మెత్తటి బ్రష్షుతోని కడిగి, పొద్దుగాల తే. ఇప్పుడు గీ పేల్చుడు దుమ్ముల నేను చూడ."

నేను ఆగలేక, రాయి అసలుదేనండీ, మావారు స్కూటర్ మీంచి పడ్డారు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. దండకి కట్టిన సంగతి వివరంగా చెప్పాను. ఆయన నవ్వలేదు, అదే నాకు సిగ్గనిపించింది. తరవాత నెమ్మదిగా అన్నాడు.

"గా మలుపు కాడ మా కొడుకు వడ్డడు. పాలాయన వడ్డడు. మొన్న పోలీసాయన గూడ వడ్డడు. గిందరి దండలకు నీలం ఉన్నదా బిడ్డా?"

నేను భరిణె తీసుకుని పైకొచ్చేశాను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. వాళ్ళ వసారా ఉత్తరం వైపుకుంటుంది. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం నిండుగా ఉంటుంది. ఆయన స్నానం చేసి, తెల్లటి ధోవతి, తెల్లటి బనీను వేసుకుని చాపమీద కూర్చుని ఉన్నాడు. ముందు పీటమీద తెల్లకాగితం. నన్ను చూసి, జర అటు జరుగు బిడ్డా, నీ చీర రాయిల వడ్తున్నది అన్నాడు. నేను కట్టుకున్నది నీలం చీరే. ఆ వెలుగు రాయిమీద పడితే లేని రంగు కూడా ఉన్నట్టు కనిపిస్తుందట. రాళ్ళమ్మే కొట్లలో గోడకి ఏ రంగుందో, బల్లమీద ఏ గుడ్డ పరిచారో ముందు చూడాలని అప్పుడే చెప్పాడు. నువ్వు కొట్టుకెళ్తే ఇది గుర్తుంచుకో.

ఆయన చూడ్డం చూడాలమ్మా. నేను నాలుగు సంగీత కచేరీలు విన్నాను, రెండు హరికథలు విన్నాను. అంత మనసుపెట్టి పని చేసే మనిషిని మాత్రం అంత దగ్గరగా అప్పుడే చూశాను. ముందు భూతద్దం ముట్టుకోలేదు. రాయిని కాగితమ్మీద పెట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. చూడ్డం కాదు, అది తనని చూసేదాకా ఆగినట్టు కూర్చున్నాడు. తరవాత చిమటాతో, అంటే సన్నటి పట్టకారుతో, పట్టుకుని కొంచెం వంచాడు. మళ్ళీ వంచాడు. రంగు సిరాలాగా చిక్కగా ఉంటే వెలుతురు చచ్చిపోతుందట. పలచగా ఉంటే నీలమనే పేరు నిలబడదట. ఈ రెంటికీ మధ్య, రాయి ఎటు తిరిగినా లోపలినుంచి ఏదో ఒక మూల మెరుస్తూనే ఉండాలి. తరవాత పాత పేపరు ముక్కమీద పెట్టాడు. సరిగ్గా కొయ్యని రాయైతే మధ్యలో కిటికీలాగా పడి కింద అక్షరాలు కనిపిస్తాయి. నన్నూ చూడమన్నాడు. అక్షరాలు కనిపించలేదు. అంతా నీలమే.

అప్పుడు మెళ్ళో దారానికి వేలాడుతున్న భూతద్దం తీసి కంటికి ఆనించుకున్నాడు. రెండో కన్ను మూసుకోలేదు. చాలాసేపు చూసి నా చేతికిచ్చాడు. నాకు ముందు నా రెప్పలే కనిపించాయి. రెండు కళ్ళూ తెరిచి ఉంచు, మోచెయ్యి మోకాలికి ఆనించు, ఊపిరి మెల్లగా తియ్యి అని చెప్పాడు. మూడోసారికి కనిపించింది. రాయి లోపల ఒక అంచున సన్నటి పోగులు, మూడు దిక్కుల్లోంచి వచ్చి అల్లుకున్నట్టు. పట్టునేతలో వెనకవైపు చూసినట్టుంది. అది చూసి నేను భయపడ్డాను. దోషం కదా తాతగారూ అన్నాను.

"దోషమే. గానీ గాజుల ఉండేటి దోషం గాదు. గాజుల గుండ్రటి బుడగలుంటయి. మిషన్ల పుట్టిన రాయిల గీతలు వంపు తిరిగి ఉంటయి. గీ పట్టుపోగులు భూమిల పుట్టిందానికే వస్తయి. రాయికి మంట వెట్టి రంగు దెచ్చినా గివి కరిగిపోతయి. దీనికి మంట దాకలే."

"అయితే అసలుదేనా?"

"ఇంక జెప్పలే నేను. రేపు సందెకు రా."

నాకు తల తిరిగిపోయింది. ఇంత చూసి ఇంకా చెప్పలేదంటాడేమిటి. రెండోరోజు సాయంత్రం వసారాలో బల్బు వేసి చూశాడు. పగలు బాగుండి దీపం కింద నల్లబడేవి ఉంటాయట. ఇది నల్లబడలేదు కానీ కొంచెం మబ్బేసింది. అది కూడా దాచకుండా చెప్పాడు. రాయిమీద ఊపిరి ఊదించాడు. ఆవిరి ఇట్టే పోయింది. గాజుమీదైతే కాస్త నిలుస్తుందట. అయినా దీన్నిబట్టి ఎవడన్నా తీర్పు చెప్తే నమ్మకు అన్నాడు. పాలలో వేస్తే పాలు నీలంగా కనిపిస్తాయంటారు కదా అని అడిగితే, పాలు తాగనీకి బిడ్డా అన్నాడు. వెళ్ళబోతుంటే అడిగాడు, గాజని అన్నదెవరని. మా వదిన అని చెప్పాను. ఆమె ఎట్ల చూసింది, ఎటుదిక్కుకెల్లి చూసింది అన్నాడు, అంటే ఏ వైపునుంచి అని. నాకేం తెలుసు. అదేం ప్రశ్నో నాకు బోధపడలేదు.

మూడోరోజు పొద్దున ఆయన గాజుగ్లాసులో మంచినీళ్ళు పోయించాడు. రాయిని అందులోకి జార్చి, ఈసారి పైనుంచి కాదు, గ్లాసు కంటికి ఎదురుగా ఎత్తి పక్కనుంచి చూడమన్నాడు.

నీలం లేదమ్మా. నా కళ్ళముందే రాయి నీళ్ళలో నీళ్ళయిపోయింది. తెల్లగా, ఉందా లేదా అన్నట్టు. అడుగున కొసలో మాత్రం నీలిమందు చుక్క పడినట్టు ఒక్క చుక్క నీలం. అంతే. మూడేళ్ళు భయపడింది ఇదేగా అనుకున్నాను. గ్లాసు కింద పెట్టేశాను.

"భయపడకు. మీద నుంచి చూడు" అన్నాడాయన.

పైనుంచి చూస్తే మళ్ళీ రాయి రాయంతా నీలం.

అప్పుడు చెప్పాడు. భూమిలో పుట్టినప్పుడు ఈ రాయికి వచ్చిన రంగు ఆ చుక్కే. కోసినవాడెవడో, సిలోన్‌వాడై ఉంటాడన్నాడు, ఆ చుక్కని పారెయ్యలేదు, మధ్యలో పెట్టలేదు. సరిగ్గా అడుగు కొసలోకి వచ్చేటట్టు రాయిని తిప్పుకుని కోశాడు. పైనుంచి వెలుతురు దిగి, ఆ చుక్కని తాకి, పలకపలకకీ తగిలి పైకొస్తుంది. అందుకని ఒక్క చుక్క రాయంతా నిండుతుంది. అడుగు కాస్త లావుగా, వంకరగా ఉన్నది కూడా అందుకే. ఇంకొక్క గీత అరగదీస్తే రంగు పోతుందని వాడు అక్కడితో చెయ్యి ఆపేశాడు.

"అసలుదే బిడ్డా. మీ అమ్మ మాట నిజం. రకమంటవా, మేలు రకం గాదు, నడిమి రకం. కోసినోడు మాత్రం మేలు రకం." ఆ చివరిమాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడాలి. ఎన్నడూ చూడని, ఏ దేశంవాడో తెలియని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పొగిడినట్టుంది. "మీ వదిన మాట గూడ అబద్ధం గాదు. ఆమె పక్కకెల్లి చూసింది. గంతే."

ఇంకోమాట కూడా చెప్పాడు. ఉంగరం చేసేవాడు అడుగు వంకరగా ఉంది, చదును చేస్తానంటాడు. చెయ్యనియ్యకు. నీకూ అదే చెప్తున్నాను, నా తరవాత ఇది నీ దగ్గరికే వస్తుంది.

పైకొచ్చి తాతయ్యకి చెప్పాను. మీ అమ్మగారి మాట నిలబడింది, నా మోకాలు కూడా నిలబడాలి, దాన్ని నువ్వే పెట్టుకో అన్నారు. ఏల్నాటి శనికి ఏం చేశారంటే, ఏమీ చెయ్యలేదు. ఆ మలుపులో మాత్రం స్కూటరు దిగి నడిపించుకుని వెళ్ళేవారు.

రెండు నెలలకి వదిన వచ్చింది, మా మేనకోడల్ని కంప్యూటరు కోర్సులో చేర్పించడానికి. అప్పుడు ప్రతి ఇంటినుంచీ ఎవరో ఒకరు అందుకోసమే హైదరాబాదు వచ్చేవారు. వదిన వచ్చేరోజు కోసం నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. మనసులో రోజూ అప్పజెప్పుకునేదాన్ని కూడా. మొదట పక్కనుంచి చూపించాలి. ఆవిడ గాజే అంటుంది. అప్పుడు పైనుంచి చూపించాలి. నలుగురిలో అన్నమాటకి నలుగురు లేకపోయినా జవాబు చెప్పాలి. ఇది మంచి ఆలోచన కాదని నాకు తెలుసు, అయినా అలాగే అనుకున్నాను.

పొద్దున పని అయ్యాక మేడమీద వరండాలో కూర్చున్నాం. గ్లాసులో నీళ్ళు పోసి రాయి వేసి పక్కనుంచి చూడమన్నాను. చూసి, చెప్పానుగా అమ్మాయ్ అంది, అదే మెత్తటి గొంతుతో. నేను రాయి తీసి తుడిచి తెల్లకాగితమ్మీద పెట్టి, ఇప్పుడు పైనుంచి చూడు వదినా అన్నాను.

వంగి చూసింది. చాలాసేపు వంగే ఉంది. నేను సిద్ధం చేసుకున్న మాటలకి చోటు రాలేదు.

"నేనిలా ఎప్పుడూ చూళ్ళేదే" అంది.

"అదేమిటి, అమ్మ అందరికీ చూపించేదిగా."

"చూపించేవారు. రెండువేళ్ళతో పట్టుకుని దీపం వైపు ఎత్తి చూపించేవారు. తెల్లగా కనబడేది. నా చేతికెప్పుడూ ఇవ్వలేదు అమ్మాయ్. ఇది నీది కాదు, దానిది అనేవారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి ఇచ్చుంటే పైనుంచి చూసేదాన్ని."

అమ్మ నాతో అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి అప్పటికే తేలిపోయింది. కానీ అమ్మ నాకోసం దాచిపెట్టింది ఎవరినుంచో అంతవరకూ నేనెప్పుడూ ఆలోచించలేదు. తుఫాను ఏడాది తన గొలుసు కూడా అమ్మకానికి ఇచ్చింది వదిన. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఆ గొలుసుని ఆ రాయి పక్కన ఎన్నడూ పెట్టి చూసుకోలేదు.

రాయి తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. వదిన వేళ్ళు ముడవలేదు. అరచెయ్యి అలాగే చాపుకుని కూర్చుంది. పప్పు మాడుతుందేమోనని నేను లోపలికెళ్ళాను. పోపు పెట్టాను, అన్నం వార్చాను, కావాలనే కాస్త ఆలస్యం చేశాను. వరండాలోకి తొంగిచూస్తే, చెయ్యి కొంచెం కొంచెంగా తిప్పుతూ, వంచుతూ, మళ్ళీ తిప్పుతూ చూస్తోంది.

"ఇలా రా అమ్మాయ్" అని పిలిచింది. "ఈ మూల మీంచి చూస్తే నీలంలో కాస్త ఊదా తగుల్తోంది. చూశావా నువ్వు?"

నేను చూడలేదు. పెద్దాయన కూడా నాకు చెప్పలేదు. చేతులు తుడుచుకుని వెళ్ళి వదిన పక్కన కూర్చున్నాను. ఎటు వంచాలో ఆవిడే చూపించింది.